డోర్ నంబర్లు సార్ట్ చేస్తే 3-6-2 కంటే ముందు 3-6-10 వస్తోంది. కీ ఫంక్షన్ ఎలా రాయాలి?

హిమాయత్‌నగర్_పేపర్

నమస్తే అండి. పైథాన్ ప్రోగ్రామింగ్‌కి కొత్త. ప్రశ్న మరీ చిన్నదైతే ఏమీ అనుకోకండి.

మాది న్యూస్‌పేపర్ ఏజెన్సీ. హిమాయత్‌నగర్, బర్కత్‌పురా, నారాయణగూడలో కొంత భాగం నాన్న చూసుకుంటారు. ఆరు వందల పైచిలుకు ఇళ్లు. ఏ ఇంటికి ఏ పేపర్, ఎవరికి ఆదివారం మాత్రమే, ఎవరు ఊరెళ్లారు, ఎవరు మూడు నెలల నుంచి డబ్బులివ్వలేదు, ఇదంతా ఆయన బుర్రలో ఉంటుంది, లేదంటే ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో. ఆ చేతిరాత నాన్నకి తప్ప ఎవరికీ అర్థం కాదు. బర్కత్‌పురా లైన్ వేసే కుర్రాడు ఉన్నట్టుండి మానేశాడు. కొత్తవాడికి ఇళ్లు చూపించడానికి నాన్నే తెల్లవారుజామున స్కూటర్ వేసుకుని వాడి వెనకాల తిరుగుతున్నారు. అసలే మోకాళ్ల నొప్పులు. అందుకని నోట్‌బుక్ మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించి, పైథాన్‌తో లైన్ల వారీగా లిస్టులు ప్రింట్ తీసిద్దామని కూర్చున్నా.

డోర్ నంబర్ల దగ్గర ఆగిపోయింది. మన సిటీ నంబర్లు తెలిసినవే కదా: వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ తర్వాత స్లాష్ పెట్టి ఇంకేవేవో. (కింద ఉన్నవి ఊరికే ఉదాహరణకి రాసినవి, ఎవరి ఇళ్లూ కావు.) మామూలుగా సార్టెడ్ (వరుస పెట్టే ఫంక్షన్) వాడితే ఇలా వస్తోంది:

3-6-10
3-6-10/ఎ
3-6-100
3-6-2
3-6-21/4

రెండో నంబరు వందో నంబరు తర్వాత వచ్చింది. ఇవి టెక్స్ట్ కాబట్టి అక్షరం అక్షరం పోలుస్తుందని చదివాను, 1 అనేది 2 కంటే ముందు కాబట్టి అలా వస్తుందని అర్థమైంది. సరే అని డాష్ దగ్గర ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఇంట్‌గా (పూర్ణ సంఖ్యగా) మార్చే ఫంక్షన్ రాసి కీ అని ఇచ్చాను. '21/4' దగ్గర వాల్యూ ఎర్రర్. మారకపోతే టెక్స్ట్‌గానే వదిలెయ్యమని ట్రై-ఎక్సెప్ట్ పెట్టాను. ఇప్పుడు టైప్ ఎర్రర్: ఇంట్‌నీ స్ట్రింగ్‌నీ (టెక్స్ట్‌నీ) 'తక్కువ' గుర్తుతో పోల్చలేనంటోంది. నేను చూసిన పాత యూట్యూబ్ వీడియోలో అచ్చం ఇలాగే చేశాడు, ఆయనకి మాత్రం పనిచేసింది!

ఫోన్ నుంచి రాస్తున్నా, కోడ్ అతికించడం కుదరట్లేదు. మాటల్లో చెప్పినా పర్లేదు, నేను రాసుకుంటాను.

---

ఎక్సెల్_మావయ్య

ఫంక్షన్లూ గింక్షన్లూ ఎందుకమ్మా. ప్రతి నంబరుకీ ముందు సున్నాలు పెట్టి అన్నిటినీ ఒకే పొడవు చెయ్యి. 3-6-2 కాస్తా 0003-0006-0002 అవుతుంది. ఇక టెక్స్ట్‌గా సార్ట్ చేసినా వరుస తప్పదు. పైథాన్‌లో జెడ్‌ఫిల్ అని ఉంది, అదే సున్నాలు నింపుతుంది. మా ఆఫీసులో ఫైలు నంబర్లన్నీ ఇలాగే నడుపుతాం.

---

నారాయణగూడ_నైట్‌షిఫ్ట్

మావయ్య చెప్పింది తప్పేం కాదు. రేపు ఇదే షీటుని ఎక్సెల్‌లోనే సార్ట్ చేయాల్సి వస్తే అదే దారి కూడా. కానీ పైథాన్ చేతిలో ఉన్నప్పుడు సున్నాలతో పని లేదు.

ముందు ఆ పాత వీడియో సంగతి. అది పైథాన్ 2 అయి ఉంటుంది. అందులో అంకెనీ టెక్స్ట్‌నీ పోల్చమంటే కిక్కురుమనకుండా పోల్చేసేది, అంకెలన్నీ ముందు, టెక్స్ట్ అంతా తర్వాత. పైథాన్ 3 ఒప్పుకోదు. నా లెక్కలో ఒప్పుకోకపోవడమే మంచిది. లేకపోతే నీ లిస్టు ఏ ఎర్రరూ లేకుండా తప్పు వరుసలో ప్రింట్ అయ్యేది, బర్కత్‌పురాలో సగం ఇళ్లకి పేపర్ వెళ్లాక తెలిసేది.

ఇప్పుడు కీ అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది తికమకపడతారు. రెండు వస్తువుల్ని పోల్చి ఏది ముందో చెప్పడం కీ ఫంక్షన్ పని కాదు. దానికి ఒక్క వస్తువు ఇస్తాం, 'దీన్ని చూసి వరుస పెట్టు' అని ఒక విలువ తిరిగిస్తుంది. అంతే దాని పని. పోల్చడమంతా పైథాన్ చూసుకుంటుంది. ఆరు వందల ఇళ్లుంటే నీ ఫంక్షన్‌ని ఆరు వందల సార్లే పిలుస్తుంది, ఒక్కో ఇంటికి ఒక్కసారి. పాత పైథాన్‌లో సీఎంపీ అని రెండేసి వస్తువులు తీసుకునే ఫంక్షన్ ఉండేది, దాన్ని వేలసార్లు పిలవాల్సి వచ్చేది. కీ 2.4లో వచ్చింది, పైథాన్ 3లో సీఎంపీని తీసేశారు. ఎవరైనా 'రెండింటినీ పోల్చే ఫంక్షన్ రాయి' అని సలహా ఇస్తే వాళ్లు చాలా పాతవాళ్లని అర్థం.

అంటే మనం తేల్చుకోవాల్సింది ఒకటే: డోర్ నంబరుని ఏ రూపంలోకి మారిస్తే పైథాన్ తనంతట తాను సరిగ్గా పోలుస్తుంది? లిస్టుల్ని, ట్యూపుల్స్‌ని (బ్రాకెట్లలో వరుసగా పెట్టిన విలువల గుంపుల్ని) అది ఎడమ నుంచి కుడికి ఒక్కో ముక్కా పోలుస్తుంది. మొదటి ముక్క సమానమైతేనే రెండో దానికి వెళ్తుంది. కాబట్టి మనకి కావాల్సింది, ఏ స్థానంలో అంకె ఉండాలో అక్కడ ఎప్పుడూ అంకే, ఏ స్థానంలో టెక్స్ట్ ఉండాలో అక్కడ ఎప్పుడూ టెక్స్టే.

దీనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే పద్ధతిలో) ఒక చక్కటి కిటుకు ఉంది. ఆర్‌ఈ మాడ్యూల్‌లో స్ప్లిట్ తీసుకో. డాష్ దగ్గర కాదు, అంకెల గుంపు దగ్గరే విరగ్గొట్టు. నమూనా: బ్యాక్‌స్లాష్, చిన్న డి, ప్లస్. ఈ మొత్తాన్ని గుండ్రటి బ్రాకెట్లలో పెట్టాలి, అది మర్చిపోకు. బ్రాకెట్లు లేకపోతే అంకెల్ని పారేస్తుంది, ఉంటే వాటిని కూడా ఫలితంలో ఉంచుతుంది. అప్పుడు 3-6-10/ఎ ఇలా విరుగుతుంది:

['', '3', '-', '6', '-', '10', '/ఎ']

స్థానాలు చూడు. సున్నా, రెండు, నాలుగు, ఆరు స్థానాల్లో టెక్స్ట్ (మొదట్లో ఖాళీ టెక్స్ట్ ఉన్నా సరే), ఒకటి, మూడు, ఐదు స్థానాల్లో అంకెలు. ఏ డోర్ నంబరు ఇచ్చినా ఈ వరుస తప్పదు. బేసి స్థానాల్లో ఉన్నవాటిని ఇంట్‌గా మార్చి, ఆ లిస్టుని తిరిగి ఇచ్చెయ్. అంకె అంకెతోనే, టెక్స్ట్ టెక్స్ట్‌తోనే తలపడతాయి. టైప్ ఎర్రర్‌కి చోటే లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. 3-6-10 చివర ఖాళీ టెక్స్ట్ వస్తుంది. 3-6-10/1కి ఆ చోట స్లాష్, 3-6-10/ఎకి 'స్లాష్ ఎ'. ఖాళీ అన్నిటికంటే చిన్నది, ఒట్టి స్లాష్ దాని తర్వాత, స్లాష్ ఎ ఆ తర్వాత. అంటే అసలు ఇల్లు ముందు, అంకెల పోర్షన్లు తర్వాత, అక్షరాల పోర్షన్లు ఆ తర్వాత. జూబ్లీహిల్స్ అడ్రసులు చూశావుగా, 8-2-293/82 అని మొదలై స్లాష్ మీద స్లాష్ పడుతూ పోతాయి. వాటిని కూడా ఇది నమిలేస్తుంది.

విరగ్గొట్టే ముందు కాస్త శుభ్రం చెయ్యి: ఖాళీలు తీసెయ్, ఇంగ్లిష్ అక్షరాలన్నిటినీ పెద్దవి చెయ్. ఫోన్‌లో టైప్ చేసినవాటిలో మామూలు డాష్ బదులు పొడుగు డాష్ దూరి ఉంటుంది, దాన్నీ మార్చు.

కొత్తవాళ్లు ఇరుక్కునే చోట్లు మూడు ఉన్నాయి, చెప్పేస్తా. నీ ఫంక్షన్‌కి ఇంటి_కీ అని పేరు పెట్టావనుకో, సార్టెడ్‌కి ఇచ్చేటప్పుడు కీ=ఇంటి_కీ అని రాయాలి, చివర బ్రాకెట్లు పెట్టకూడదు, మనం ఫంక్షన్‌ని ఇస్తున్నాం, పిలవట్లేదు. లిస్ట్ డాట్ సార్ట్ వాడితే అది ఉన్న లిస్టునే మారుస్తుంది, తిరిగి నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తుంది. దాన్ని మళ్లీ అదే పేరులో దాచుకుంటే లిస్టు మాయం. మూడోది, నీ దగ్గర ఉన్నవి ఒట్టి నంబర్లు కావు, పేరు, పేపర్, బాకీ అన్నీ ఉన్న వరుసలు. కాబట్టి లాంబ్డాలో (పేరు లేని చిన్న ఫంక్షన్) ఆ వరుస తీసుకుని, అందులోంచి డోర్ కాలమ్ మాత్రం ఇంటి_కీకి అందించాలి.

(పైథాన్ 3లో ఫంక్షన్ పేరు నిజంగానే తెలుగులో పెట్టొచ్చు. 'ఇంటి_కీ' అని రాస్తే నడుస్తుంది. ఆఫీసులో చేస్తే రివ్యూలో తిడతారు, ఇంట్లో నీ ఇష్టం.)

---

హిమాయత్‌నగర్_పేపర్

అన్నా, చాలా థాంక్స్! స్ప్లిట్ బ్రాకెట్ల కిటుకు అద్భుతం. టెస్ట్ లిస్టు మీద కరెక్టుగా వచ్చింది. అసలు ఫైలు మీద నడిపితే మాత్రం కొన్ని వరుసలు దాటాక ఆగిపోయింది. స్ట్రింగ్ కావాలి, ఇంకేదో ఇచ్చావు అంటోంది. ఆ వరుస ప్రింట్ చేస్తే డోర్ నంబరు చోట తేదీ, టైమ్ ఉన్నాయి: 2012, 6, 3, 0, 0. మా నాన్న 2012లో ఇల్లేమీ కట్టలేదు, నేనూ ఎక్కడా తేదీ టైప్ చేయలేదు.

---

ఎక్సెల్_మావయ్య

ఇది నా సబ్జెక్టు. ఆ ఇల్లు 3-6-12 అయి ఉంటుంది, చూసుకో.

మన దగ్గర కంప్యూటర్లలో తేదీ రోజు-నెల-సంవత్సరం వరుసలో ఉంటుంది. నువ్వు 3-6-12 కొట్టి ఎంటర్ నొక్కగానే ఎక్సెల్ 'ఓహో, జూన్ 3, 2012' అనుకుంది. తేదీలా కనిపించనివాటిని ముట్టుకోదు కాబట్టి 3-6-21/4 లాంటివి బతికిపోయాయి. చివర ఒకటి, రెండు అంకెలున్న ఇళ్లన్నీ ఒకసారి చూడు, బోల్తా పడి ఉంటాయి.

తేదీని వెనక్కి మార్చడం తేలికే: రోజు, నెల, సంవత్సరంలో చివరి రెండంకెలు కలిపితే డోర్ నంబరు వచ్చేస్తుంది. కానీ తొందరపడకు. మామూలు సెట్టింగుల్లో రెండంకెల సంవత్సరం 00 నుంచి 29 దాకా అయితే ఎక్సెల్ 2000ల్లో వేస్తుంది, 30 నుంచి 99 దాకా 1900ల్లో వేస్తుంది. అంటే 44వ నంబరు ఇల్లు 1944 అయిపోయింది. ఏ బ్లాకులోనైనా ఇంటి నంబర్లు 1900 దాటాయనుకో, నిజంగా 1944 అనే నంబరున్న ఇల్లు కూడా అదే 1944 తేదీ అయి కూర్చుంటుంది. రెండూ ఒకే తేదీ. ఏది ఏ ఇల్లో ఇక ఫైలు చూసి ఎవడూ చెప్పలేడు. నోట్‌బుక్ తియ్యాల్సిందే.

ఇంకోటి. ఆ కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే నెల ముందు వస్తుంది. 3-6-12ని మార్చి 6 అనుకుంటుంది. నీకు 2012, 6, 3 అని వచ్చింది కాబట్టి మన సెట్టింగే. వేరే సిస్టమ్‌లో ఎక్కించిన వరుసలుంటే అవి విడిగా చూసుకో.

ఇకముందు కాలమ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టి, ఆ తర్వాతే నంబర్లు ఎక్కించు. తర్వాత పెడితే లాభం లేదు, అప్పటికే లోపల తేదీగా మారిపోయి ఉంటుంది.

---

పొల్లు_సున్న

డోర్ నంబర్ల గొడవ తీరింది కాబట్టి పేర్ల గురించి ఒక మాట, ఎలాగూ నెలాఖరులో వసూళ్ల లిస్టు అడుగుతారు మీ నాన్నగారు. పేర్లు తెలుగులో ఎక్కించావా? అయితే భయపడకు. యూనికోడ్‌లో (కంప్యూటర్లో ఒక్కో అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి) తెలుగు అక్షరాల వరుస మన నిఘంటువుల వరుసకి చాలా దగ్గరగా ఉంటుంది. సున్న అచ్చుల కంటే, హల్లుల కంటే ముందు నంబరులో ఉంది, అందుకే 'కంచి' ముందు, 'కమల' తర్వాత. పొల్లు గుణింతం గుర్తులన్నిటి తర్వాత ఉంది, అందుకే 'కౌసల్య' అయ్యాక 'క్రాంతి'. కీ ఏమీ ఇవ్వకపోయినా ఇంతవరకు వచ్చేస్తుంది.

ఇబ్బంది పెట్టేవి అక్షరాలు కాదు, వాటి పక్కన చేరే చెత్త. 'శ్రీమతి', 'డా.', 'అడ్వకేట్' అని ముందు తగిలించినవన్నీ శ దగ్గర, డ దగ్గర, అ దగ్గర పోగవుతాయి. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి పొడి అక్షరం ముందు. రెండోది, కంటికి కనిపించని జోడింపు గుర్తులు. 'రాజేశ్' అనే పేరు చివర కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య అక్షరం పెడతాయి. చూడ్డానికి రెండూ ఒకటే, పైథాన్‌కి వేరు వేరు. దాని నంబరు తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది కాబట్టి అలాంటి పేర్లు వెనక్కి జారతాయి. కీ ఫంక్షన్‌లోనే ఈ బిరుదుల్నీ అదృశ్య గుర్తుల్నీ తీసేసి విలువ ఇవ్వు. ప్రింట్‌లో అసలు పేరు అలాగే ఉంటుంది, కీ ఇచ్చింది వరుస పెట్టడానికి మాత్రమే.

బాకీ ఎక్కువున్నవాళ్లు ముందు, బాకీ సమానమైతే పేర్ల వరుస కావాలంటే కీ నుంచి ట్యూపుల్ ఇవ్వు: ముందు మైనస్ బాకీ, తర్వాత పేరు. అంకెకి మైనస్ పెడితే తిరగబడుతుంది. పేరుకి మైనస్ పెట్టలేం. పేర్లు వెనక నుంచి ముందుకి కావాలంటే రెండుసార్లు సార్ట్ చెయ్యాలి: మొదట పేర్లతో, తర్వాత బాకీతో. రెండోసారి చేసినప్పుడు సమానంగా ఉన్నవాటి పాత వరుస చెదరదు. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన సార్టింగ్‌కి ఆ గుణం ఉంది. జావా కూడా తర్వాత దాన్నే తెచ్చుకుంది.

పాతకాలం వాళ్లెవరైనా తెలుగు అంకెలు వాడి ఉన్నా కంగారు లేదు. ఇంట్ వాటిని చదువుతుంది, నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన డి నమూనా కూడా పట్టుకుంటుంది.

---

హిమాయత్‌నగర్_పేపర్

అందరికీ థాంక్స్. తేదీలైన ఇళ్లన్నీ నోట్‌బుక్ చూసి సరిచేశా. డోర్ నంబర్ల వరుసలో బర్కత్‌పురా లిస్టు ప్రింట్ తీసి నాన్నకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివి, 'బాగుందమ్మా. దీన్ని పట్టుకుని పిల్లగాడు బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి పేపర్ అందుతుంది' అన్నారు.

నంబర్లు వరుసగా ఉన్నంత మాత్రాన ఇళ్లు వరుసగా ఉండవట. మా గల్లీలోనే మూడు వందల నంబరు ఇంటి పక్కన ఐదు వందల నంబరు ఇల్లుంది. ఇన్నాళ్లూ అక్కడే ఉంటున్నా, ఎప్పుడూ చూడలేదు.

---

పాత_పేపర్‌బాయ్

మీ నాన్నగారి మాట నూరుపాళ్లు నిజం. చదువుకునే రోజుల్లో నేను చిక్కడపల్లి లైన్ వేసేవాణ్ని. డోర్ నంబరు చూసి ఎవడూ పేపర్ వెయ్యడు. స్థలాలు ముక్కలైనప్పుడల్లా, కొత్త ఇల్లు లేచినప్పుడల్లా నంబరు ఎక్కడో అక్కడ దొరికింది ఇచ్చారు. కుర్రాడికి తెలిసేది 'నీలం గేటు, పక్కన కుక్క ఉన్న ఇల్లు, ఎదురుగా టైలర్'.

పైన అందరూ ప్రోగ్రామ్ గురించి మాట్లాడారు, లిస్టు ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ అడగలేదు. డోర్ నంబరు వరుస ఆఫీసుకి పనికొస్తుంది, ఎవరైనా ఫోన్ చేసి పేపర్ రాలేదంటే వెతుక్కోవడానికి. లైన్‌కి కావాల్సింది నడక వరుస. అది నంబరులో లేదు, మీ నాన్నగారి బుర్రలో ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి గల్లీల పేర్లు వరుసగా చెప్పించు. ఒక్కో గల్లీలో ఇళ్లకి 10, 20, 30 అని నంబర్లు వేయించు. కొత్త ఇల్లు మధ్యలో చేరితే 25 పెట్టుకోవచ్చు, మిగతావి కదపక్కర్లేదు.

---

నారాయణగూడ_నైట్‌షిఫ్ట్

పాత_పేపర్‌బాయ్ గారూ, మీరు చెప్పింది కీ ఫంక్షన్‌కి ఇంకా తేలిక. కీ అనేది విలువని లెక్కగట్టే తీరాలని రూలేం లేదు. పట్టికలో చూసి చెప్పినా చాలు.

చెల్లెమ్మా, నాన్నగారు చెప్పిన గల్లీల వరుసని ఒక లిస్టుగా పెట్టుకో. ఎన్యుమరేట్‌తో (వరుసలో ఒక్కోదానికీ స్థానం నంబరు ఇస్తుంది) దాన్ని డిక్షనరీ చెయ్యి: గల్లీ పేరు ఇస్తే దాని స్థానం వస్తుంది. కీలో మొదటి ముక్క అదే. పట్టికలో లేని గల్లీ తగిలితే ఏం చెయ్యాలనేది నీ నిర్ణయం. నేరుగా అడిగితే కీ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. గెట్ వాడి, లేకపోతే 999 ఇవ్వమంటే ఆ ఇళ్లు లిస్టు అట్టడుగుకి వెళ్తాయి. చాలామంది ఎర్రరే మేలంటారు. నీ విషయంలో నేను 999 వైపే. తెల్లవారుజామున నాలుగింటికి లిస్టే ప్రింట్ కాకపోవడం కంటే, కింద నాలుగు ఇళ్లు విడిగా కనిపించడం నయం.

రెండో ముక్క, గల్లీ లోపలి వరుస. ఇక్కడ నాన్నగారిని ఇంకో ప్రశ్న అడుగు: ఏ రోడ్డులో కుర్రాడు అటూ ఇటూ దాటుతూ వేస్తాడు, ఏ రోడ్డులో ఒక పక్క వేసుకుంటూ పోయి రెండో పక్క వేసుకుంటూ వస్తాడు? సన్న గల్లీ అయితే మొదటిది. హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డులాంటి డివైడర్ ఉన్నచోట రెండోది. అక్కడ రెండు పక్కలకీ రోడ్డు ఈ కొసనుంచే నంబర్లు వేసి ఉంటే, ఎడమ పక్క ఇళ్లకి (0, వరుస), కుడి పక్క ఇళ్లకి (1, మైనస్ వరుస) ఇవ్వు. పోయేటప్పుడు ఎడమ పక్క పెరుగుతూ వెళ్తుంది, వచ్చేటప్పుడు కుడి పక్క తగ్గుతూ వస్తుంది. ఒక్క మైనస్ గుర్తుతో యూటర్న్ అయిపోతుంది.

ఎన్ని పేపర్లు బండిల్ కట్టాలో గల్లీల వారీగా లెక్క కావాలంటే ఐటర్‌టూల్స్‌లో గ్రూప్‌బై వాడతావేమో. దానికిచ్చే ముందు అదే గల్లీ స్థానంతో సార్ట్ అయి ఉండాలి. పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది అది, దూరంగా ఉన్నవాటిని వెతకదు. సార్ట్ చెయ్యకుండా ఇస్తే ఒకే గల్లీ మూడు చోట్ల మూడు లెక్కలుగా వస్తుంది.

---

హిమాయత్‌నగర్_పేపర్

నాన్న ఇవాళ టీ కప్పు పక్కన పెట్టి గల్లీలన్నీ వరుసగా చెప్పారు, మధ్యలో రెండు చోట్ల నాన్నా అమ్మా వాదించుకున్నారు కూడా. పట్టిక రెడీ. యూటర్న్ మైనస్ చూసి నేను నవ్వుకున్నా, పనిచేసింది.

ఇంక అపార్ట్‌మెంట్లు మిగిలాయి. ఒకే డోర్ నంబరు, లోపల 101, 102, 201, జీ1, పెంట్‌హౌస్. వీటిని ఏ వరుసలో పెట్టాలి?

---

పాత_పేపర్‌బాయ్

లిఫ్ట్ ఉంటే నేరుగా పైకెళ్లి, మెట్ల మీద ఒక్కో అంతస్తు వేసుకుంటూ దిగుతారు. లిఫ్ట్ లేకపోతే ఎక్కుతూనే వెయ్యాలి. మొత్తం బరువు ఐదో అంతస్తు దాకా మోసి దిగేటప్పుడు ఎవడు వేస్తాడు?

---

నారాయణగూడ_నైట్‌షిఫ్ట్

అయితే ఫ్లాట్ నంబరు నుంచి అంతస్తు తియ్యాలి. 304ని వందతో భాగిస్తే వచ్చే పూర్ణాంకం 3, అదే అంతస్తు. జీ అని మొదలైతే అంతస్తు సున్నా. పెంట్‌హౌస్‌కి 99 పెట్టెయ్, అంత ఎత్తు బిల్డింగ్ మీ లైన్‌లో లేదనుకుంటా. అపార్ట్‌మెంట్ల పట్టికలో లిఫ్ట్ అని ఒక కాలమ్ పెట్టు. ఉంటే కీలో (మైనస్ అంతస్తు, ఫ్లాట్), లేకపోతే (అంతస్తు, ఫ్లాట్). ఫ్లాట్ చోట నంబరు టెక్స్టుని అలాగే పెట్టకు, ఇంటి_కీ గుండా పంపించి పెట్టు, అప్పుడు జీ1, జీ2, జీ10 కూడా సరిగ్గా పడతాయి. గల్లీ స్థానం, పక్క, వరుస, ఆ తర్వాత ఈ రెండు: మొత్తం కీ ఇదే. విడి ఇళ్లకి అంతస్తు సున్నా, ఫ్లాట్ ఖాళీ టెక్స్ట్ ఇస్తే అవీ ఇందులోనే ఇమిడిపోతాయి.

---

హిమాయత్‌నగర్_పేపర్

చేసేశా అన్నా, రేపటి నుంచి కొత్త కుర్రాడికి ఇదే లిస్టు. లిఫ్ట్ ఉన్నా పేపర్ కుర్రాళ్లని ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లు కొన్ని ఉన్నాయట, నాన్న చెప్పారు. వాటికి లిఫ్ట్ కాలమ్‌లో 'లేదు' అనే రాశాను.